మా అత్తమ్మ కాళ్ళ కింది తడి

మా అత్తమ్మకు కుడి మోకాలి ఆపరేషన్ అయిన ఏడాదే మేము కారు కొన్నాం. కొత్తది కాదు. కంఠేశ్వర్‌లో మా వెనక వీధిలో ఉండే ఒక రిటైర్డ్ ఉద్యోగి చాలాకాలం వాడుకుని, కంటిచూపు తగ్గాక అమ్మేసిన చిన్న పెట్రోల్ కారు. అమ్మేటప్పుడు ఆయన ఒక్కొక్క మీటా నొక్కి చూపించాడు. హీటర్ కూడా ఉందమ్మా అన్నాడు గొప్పగా. నిజామాబాద్‌లో బతికేవాళ్ళకు హీటర్ ఎందుకని నేను లోపల నవ్వుకున్నాను.

నా భర్త దుబాయ్‌లో పనిచేస్తాడు. ఇంట్లో ఉండేది అత్తమ్మా నేనూ. నేను కంఠేశ్వర్‌లోనే ఒక రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం చేస్తాను. కారు కొనడానికి అసలు కారణం అత్తమ్మ అక్క. నేను పెద్దత్తమ్మ అని పిలిచే ఆమె బోధన్ దాటాక సాలూర వైపున్న ఒక పల్లెలో కొడుకు దగ్గర ఉంటుంది. అక్కాచెల్లెళ్ళకు ఒకరంటే ఒకరికి ప్రాణం. ఆపరేషన్‌కు ముందు అత్తమ్మ బస్సులోనే వెళ్ళివచ్చేది. ఆపరేషన్ తర్వాత బస్సు మెట్టు ఆమెకు గోడలా కనిపించింది. అక్క సంగతి ఎత్తకుండా, టీవీ చూస్తూ కూర్చునేది. ఆ కూర్చోవడం నాకు నచ్చలేదు. నలభై దాటిన వయసులో డ్రైవింగ్ స్కూల్లో చేరి, బైపాస్ మీద రాళ్ళు పెట్టి వాటి మధ్య బండి అటూ ఇటూ తిప్పి, ఎలాగో నేర్చుకున్నాను.

వానాకాలమంతా ఆదివారాలు హాయిగా గడిచాయి. పొద్దున్నే బయల్దేరి జానకంపేట, ఎడపల్లి మీదుగా బోధన్, అక్కణ్ణుంచి ఊరు. మధ్యాహ్నం భోజనం అక్కడే. తిరిగొచ్చేటప్పుడు వెనక సీట్లో ఏదో ఒకటి ఉండేది. కూరగాయలు, మక్కకంకులు, చలికాలం మొదలయ్యాక బెల్లం. పెద్దత్తమ్మ వాళ్ళ ఊరి దగ్గర ఇంకా ఒకరిద్దరు రైతులు చెరకు వేసి బెల్లం వండుతారు. వేడివేడి ముద్దను బాదం ఆకులో చుట్టి, గోనెపట్టాలో పెట్టి మా కారులో వేసేవాళ్ళు. ఇంటికొచ్చేసరికి కారంతా తియ్యటి వాసన.

చలి ముదిరాక ఒక ఆదివారం, బోధన్ ఇంకాస్త దూరం ఉందనగా, టెంపరేచర్ ముల్లు పైకి లేచింది. ఎప్పుడూ మధ్యలో నిలబడే ముల్లు ఎర్రగీత వైపు పోతోంది. పక్కకు ఆపి, బానెట్ ఎత్తి, చల్లారేదాకా నిలబడ్డాం. ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ డబ్బాలో నీళ్ళు అడుగంటాయి. తాగడానికి తెచ్చుకున్న నీళ్ళు పోసి, మెల్లగా ఊరు చేరాం. తిరుగు ప్రయాణంలో కారుకు ఏమీ కాలేదు. ముల్లు మధ్యలోంచి కదల్లేదు.

మర్నాడు ఆర్మూర్ రోడ్డు మీదున్న మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్ళాను. ఆయనది కమ్మర్‌పల్లి. చాలా ఏళ్ళు గల్ఫ్‌లో ఒక గ్యారేజీలో పనిచేసి వచ్చి, ఇక్కడ సొంతంగా పెట్టుకున్నాడు. మాటలు తక్కువ, పని శుభ్రం. కారు కింద అట్టముక్క పరిచి, ఇంజన్ నడిపించి, ఎక్కడైనా చుక్క పడుతుందేమో చూశాడు. పడలేదు. రేడియేటర్ మూత రబ్బరు అరిగిందని మూత మార్చాడు. ఆకుపచ్చ కూలెంట్ నింపి ఇచ్చాడు. అంతా అయిపోయిందనుకున్నాను.

తర్వాతి ఆదివారం మళ్ళీ అదే వరస. వెళ్ళేటప్పుడు వేడెక్కింది, వచ్చేటప్పుడు మామూలుగా ఉంది. ఈసారి ఆయన థర్మోస్టాట్ మార్చాడు. ఇంజన్ వేడెక్కినప్పుడు కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వదిలే చిన్న తలుపులాంటిది అది. ఫ్యాన్ సరిగ్గా తిరుగుతోందో లేదో చూశాడు. పైపులు ఒక్కొక్కటీ చేత్తో నొక్కి చూశాడు. సైకిల్ పంపులాంటి పరికరం ఒకటి ఆయన దగ్గర ఉంది. దానికి గడియారంలాంటి మీటర్ ఉంటుంది. రేడియేటర్ మూత తీసి అక్కడ దాన్ని బిగించి గాలి కొడితే, లోపల ఎక్కడ చిల్లు ఉన్నా మీటర్ ముల్లు దిగిపోతుంది. మా కారుకు ఆయన చాయ్ తాగి వచ్చేదాకా అలాగే వదిలేసినా ముల్లు దిగలేదు. కారు తీసుకుని డిచ్‌పల్లి దాకా వెళ్ళొచ్చాడు. వేడెక్కలేదు.

ఇంజన్ ఆయిల్ పుల్ల తీసి నాకు చూపించాడు. ఇంజన్ పైభాగం కింద ఉండే పలచటి అతుకు, హెడ్ గాస్కెట్, పోతే నీళ్ళు ఆయిల్లో కలిసి పాలచాయ్‌లా అవుతాయట. మా ఆయిల్ నల్లగా, శుభ్రంగా ఉంది. దాంతో ఆయనకూ ఏం పాలుపోలేదు. తలగోక్కుంటూ, ఇంజన్ విప్పి చూడమంటే చూస్తా కానీ, రోగమేందో తెలవకుండా కోత పెట్టుడు నాకిష్టం లేదక్కా అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. ల్యాబులో మేము రోజూ చేసేది అదే కదా, మందు రాసేముందు రక్తం చూడడం.

దుబాయ్ నుంచి నా భర్త తన తీర్పు తాను చెప్పేశాడు. నేను రెండో గేరులోనే లాగుతున్నానట, క్లచ్ మీద కాలు తియ్యడం లేదట. అక్కడ ఆయన ఒక గోదాములో పని చేస్తాడు, బండి నడపడు. ఆ సంగతి గుర్తుచేస్తే నవ్వి ఫోన్ పెట్టేశాడు. కానీ మాట మాత్రం నాలో ఉండిపోయింది. మెకానిక్ నడిపితే బాగుంటుంది, నేను నడిపితే వేడెక్కుతుంది. ఎవరైనా ఏమనుకుంటారు? నేనూ అదే అనుకోవడం మొదలుపెట్టాను. గేరు మార్చిన ప్రతిసారీ తప్పు చేసినట్టుగా ముల్లు వంక చూసేదాన్ని.

అత్తమ్మ కూడా ఆ రోజుల్లో ఏదోలా ఉంది. ప్రయాణమంటే మునుపటి హుషారు లేదు. దారిలో మాటిమాటికీ వంగి కుడి పాదం తడుముకునేది. కాలు నొస్తోందా అంటే లేదనేది. ఇంటికొచ్చాక తలుపు దగ్గర కూర్చుని పాదం వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకునేది. నేనడిగితే చలికి అనేది. నేను హీటర్ ఇంకాస్త పెంచేదాన్ని. చలికాలం మొదలైనప్పుడు పొద్దున పూట ఆమె మోకాలు బిగుసుకుపోతుంటే, ఎందుకని నవ్వుకున్న ఆ హీటర్నే నేను మొదటిసారి తిప్పాను. వెచ్చటి గాలి కాళ్ళకు తగలగానే ఆమె ముఖం విచ్చుకోవడం నాకిప్పటికీ గుర్తుంది. అప్పట్నుంచి పోయేటప్పుడు హీటర్ మా ఇద్దరికీ అలవాటైంది. ఎండెక్కాక, వచ్చేటప్పుడు, దాని అవసరమే ఉండేది కాదు.

ఇదంతా ఇప్పుడు వరసగా చెబుతుంటే ఎవరికైనా వెంటనే తడుతుంది. అప్పుడు మాకు తట్టలేదు. కారులోని తియ్యటి వాసన బెల్లానిదే అనుకున్నాం. ముందు అద్దం లోపలివైపు మసక కడితే పొగమంచు అనుకున్నాం. బట్టతో తుడిస్తే జిడ్డు జిడ్డుగా చారలు పడేవి, బట్ట మురికిదేమో అనుకున్నాను.

చివరికి ఒకరోజు నేనే మెకానిక్‌తో అన్నాను. అన్నా, నువ్వు నడిపితే బండి తప్పు చూపిస్తలేదు. మేమెట్ల పోతమో అట్లనే పోదాం, నువ్వు వెనక కూసొని చూడు. ఆయన కొంచెం ఆలోచించి సరేనన్నాడు. ఆదివారం షెడ్డు మూసే ఉంటుంది, మీ అవ్వ అక్కను కూడా చూసినట్టు ఉంటుంది అన్నాడు.

ఆ ఆదివారం ఆయన తన పనిముట్ల సంచీ, గాలి కొట్టే పంపు, రెండు పెద్ద నీళ్ళ డబ్బాలు వెనక పెట్టుకుని కూర్చున్నాడు. అత్తమ్మ ఎప్పట్లా ముందు. బయల్దేరేముందు నన్ను ఒకటే అడిగాడు, రోజూ ఎట్ల నడుపుతరో గట్లనే నడుపుండ్రి, నేనున్నట్టు అనుకోకుండ్రి అని. నేను సీటు, అద్దం సర్దుకున్నాను. చెయ్యి అలవాటుగా పోయి హీటర్ మీట వేడి వైపు తిప్పింది.

ఊరు దాటి జానకంపేట వచ్చేసరికే వెనక ఆయన స్వెటర్ విప్పేశాడు. ఇంకొంచెం దూరం పోయాక కిటికీ దించమని అడిగాడు. అవ్వకు చలి పెడతది అన్నా అని నేను దించనివ్వలేదు. నవ్వుకుంటూ ముఖం తుడుచుకున్నాడు. గల్ఫ్‌లో అన్నేళ్ళు బండ్లు చేసిన గాని హీటర్ ఏసిన బండి ఎన్నడు సూడలే అన్నాడు. అక్కడ ఎవరికీ హీటర్‌తో పనిలేదు. షెడ్డులో మా కారు ఎక్కగానే ఆయన చేసే మొదటి పని ఆ మీటను చల్ల వైపు తిప్పేయడం.

ఎడపల్లి దాటాక పొలాల మీద మంచు పల్చబడింది. ఎండ పడుతోంది. అయినా మా అద్దం మసకగానే ఉంది. నేను బట్ట తీసి తుడిచాను. జిడ్డు చారలు పడ్డాయి. వెనకనుంచి ఆయన ముందుకు వంగి, ఆ బట్ట ఇటివ్వమని తీసుకుని వాసన చూశాడు. కాసేపటికి, బెల్లం ఉన్నదా బండ్ల అని అడిగాడు. పోయేటప్పుడు బెల్లం ఎక్కడిది, వచ్చేటప్పుడు కదా తెస్తాం అన్నాను. మొన్న తెచ్చినదాని వాసనేమో అని కూడా అన్నాను. ఆయన మళ్ళీ బట్ట ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

అప్పుడే ముల్లు లేవడం మొదలైంది. ఎడమ పక్క చెరకు తోట, దాని గట్టున ఒక బోరు మోటారు ఉంది. అక్కడ ఆపాను. ఇంజన్ ఆపేశాను. అప్పుడు అత్తమ్మ మెల్లగా అంది.

"బిడ్డా, నీకొక ముచ్చట చెప్పలే. నా కుడి కాలు తడి అయితున్నది. బండెక్కినప్పుడల్లా అయితున్నది."

నేను ఆమె వైపు తిరిగాను. ఆమె ముఖం నిండా భయం. కొన్ని వారాలుగా ఆమె ఒక్కతే మోస్తున్న భయం అది. ఆపరేషన్ చేసిన కాలులోంచి ఏదో కారుతోందని, లోపల పెట్టిన ఇనుము చెడిపోయిందని ఆమె అనుకుంది. రాత్రి చూసుకుంటే గాయం పొడిగానే ఉంటుంది. మళ్ళీ ఆదివారం అదే తడి. డాక్టరుకు చెబితే మళ్ళీ కోస్తారని, నాకు చెబితే ఆదివారం ప్రయాణం ఆపేస్తానని, ఎవరికీ చెప్పకుండా పాదం తుడుచుకుంటూ వచ్చింది.

నేను వంగి ఆమె పాదం పట్టుకున్నాను. నిజంగానే చెప్పు తడిగా ఉంది. పాదం కింద రబ్బరు మ్యాట్ ఎత్తాను. కింది కార్పెట్ పిండితే నీళ్ళొచ్చేలా ఉంది. మెకానిక్ అప్పటికే దిగి ఆవైపు తలుపు తెరిచాడు. అత్తమ్మ తన వేలు ఆ తడిలో అద్ది, వాసన చూసి, బెల్లం వాసనే అంటూ నోటి దగ్గరికి తీసుకుపోయింది. ఆయన చప్పున ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"అవ్వా, నోట్లె పెట్టకు, గది విషం. వాసనకు తియ్యగుంటది గని మనిషిని చంపుతది."

తన చేతిరుమాలుతో ఆమె వేలు తుడిచాడు. బోరు దగ్గరున్న రైతును అడిగి నీళ్ళు తెచ్చి, చెయ్యి కడిగించాడు. తర్వాత కార్పెట్‌ను తెల్లబట్టతో అద్ది ఎండలో పట్టుకుని చూశాడు. లేత ఆకుపచ్చ రంగు. ఏసీ నీళ్ళయితే రంగు ఉండదు, పైగా ఈ చలిలో ఏసీ వేసింది ఎవరు?

అత్తమ్మ రంగు చూసింది. తన కాలు చూసుకుంది. మళ్ళీ బట్ట చూసింది.

"అయితే నా కాలు కాదు, బండి కారుతున్నదా?" అంది.

"బండే అవ్వా. నీ కాలు గట్టిగుంది."

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. మొదట చిన్నగా, తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వింది. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. నేనూ నవ్వాను. ఇంత పెద్ద బరువు ఆమె ఒక్కతే ఎలా మోసిందా అని లోపల కొంచెం బాధ కూడా ఉంది. కానీ ఆ నవ్వు ముందు అది నిలబడలేదు.

ఇంజన్ చల్లారేదాకా ఆయన రేడియేటర్ మూత ముట్టుకోలేదు. వేడిమీద తీస్తే ముఖం కాలుతుందని మమ్మల్ని కూడా దూరంగా గట్టు మీద కూర్చోబెట్టాడు. రోడ్డు మీద చెరకు ట్రాక్టర్లు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. బోరు దగ్గరి రైతు మాకు చెరకు గడలు విరిచి ఇచ్చాడు. నేను నమిలాను. అత్తమ్మ పళ్ళు సహకరించక ఊరికే చేతిలో పట్టుకుని కూర్చుంది.

చల్లారాక నీళ్ళు నింపి పంపు బిగించాడు. హీటర్ మీట చల్ల వైపు పెట్టమన్నాడు. గాలి కొట్టాడు. మీటర్ ముల్లు కదల్లేదు. షెడ్డులో చూసింది ఇదే. తర్వాత నన్ను కారులో కూర్చుని మీట వేడి వైపు తిప్పమన్నాడు. తిప్పాను. అయిందా అన్నాను. ఇటు రాక్కా అన్నాడు. వెళ్ళి చూస్తే ముల్లు నెమ్మదిగా, నిద్రలోకి జారే మనిషి తలలా దిగిపోతోంది.

అప్పుడు విడమరిచి చెప్పాడు. డాష్‌బోర్డు వెనక పుస్తకమంత చిన్న రేడియేటర్ ఒకటి ఉంటుంది. దాన్నే హీటర్ కోర్ అంటారు. మీట వేడి వైపు తిప్పితే ఇంజన్‌లోని వేడి కూలెంట్ అందులోకి పారుతుంది, దాని మీదుగా వచ్చే గాలి వెచ్చబడుతుంది. అది ఎక్కడో చిట్లింది. మీట చల్ల వైపు ఉంటే దాంట్లోకి చుక్క కూడా పోదు, కారదు. వేడి వైపు తిప్పితే కారి, బయట నేల మీద కాకుండా అవ్వ పాదాల కింద పడుతుంది. ఆవిరి అద్దానికి పడుతుంది. కూలెంట్ తగ్గి ఇంజన్ వేడెక్కుతుంది. వచ్చేటప్పుడు మేము హీటర్ వెయ్యం కనుక ఏమీ కాదు. నాకైతే హీటర్ దిక్కు సూడాలన్న ఆలోచనే రాలేదక్కా అని ఆయన మామూలుగా ఒప్పుకున్నాడు. నాకూ రాలేదు కదా. ముగ్గురిలో ఎవరికీ రాలేదు.

నా డ్రైవింగ్ సంగతి మాత్రం అడగకుండా ఉండలేకపోయాను. గేర్లు మంచిగనే మారుస్తున్నవ్, బ్రేకు జర ముందే కొడుతున్నవ్ అన్నాడు. అక్కడ గట్టు మీదే దుబాయ్‌కు ఫోన్ చేసి ఆ మొదటి సగం చెప్పాను.

ఇంజన్ వైపు హీటర్‌కు పోయే పైపూ, వచ్చే పైపూ రెండూ కనిపిస్తాయి. ఆయన రెంటినీ ఊడదీసి, సంచీలోని చిన్న పైపు ముక్కతో ఒకదానికొకటి కలిపి క్లిప్పులు బిగించాడు. ఇప్పుడు కూలెంట్ హీటర్ జోలికి పోకుండా అటునుంచి అటే తిరుగుతుంది. ఇక డాష్‌బోర్డు విప్పనక్కరలేదు, ఇట్లనే జీవితమంతా నడుపుకోవచ్చు, మన దిక్కు బండ్లు చాలా ఇట్లనే తిరుగుతున్నయ్ అన్నాడు. మిగిలిన దారంతా ముల్లు మధ్యలో నిలబడింది. నేను దాని వంక చూడడం మానేసి రోడ్డు చూశాను.

పెద్దత్తమ్మ ఇంట్లో ఆ రోజు జొన్నరొట్టెలు, వంకాయ కూర. చెల్లెలు తన కాలి కథ చెబుతుంటే ఆమె మొదట తిట్టింది. నాతోనన్న చెప్పొద్దా అని కోపగించింది. తర్వాత ఇద్దరూ కలిసి నవ్వారు. మెకానిక్‌కు రొట్టె మీద రొట్టె వేస్తూనే ఉంది. ఆయన వద్దంటే వినలేదు. అరుగు మీద ఎండలో కాసేపు నిద్రపోయాడు కూడా.

నేను ఆ పైపు ముక్కతోనే సరిపెట్టుకుందామనుకున్నాను. అత్తమ్మ ఒప్పుకోలేదు. ఏదీ అడగని మనిషి, జీవితంలో మొదటిసారి తన కోసం ఒకటి కావాలంది. "ఆ వెచ్చటి గాలి నాకు కావాలె. మోకాళ్ళకు మంచిగుంటది" అంది. అంతే. మెకానిక్ హైదరాబాద్ నుంచి కొత్త హీటర్ కోర్ తెప్పించాడు. దాన్ని మార్చడానికి డాష్‌బోర్డు మొత్తం ఊడదీయాలి. ల్యాబుకు సెలవు పెట్టి షెడ్డులో కూర్చుని చూశాను. స్టీరింగ్ చుట్టూ వైర్లు పేగుల్లా వేలాడుతుంటే ఇది మళ్ళీ కారవుతుందా అనిపించింది. డాష్‌బోర్డు వెనక పాత యజమాని మనవళ్ళెవరో గాలి వచ్చే సందుల్లోంచి దూర్చిన చింతపిక్కలు, ఒక గోళీ, సగం అరిగిన రబ్బరు దొరికాయి. పాత కోర్ తీసి చూపించాడు. ఒక మూల పచ్చగా చిలుము పట్టి, గుండుసూది దూరేంత చిల్లు. దాన్ని వేలితో తడిమాను. ఇన్ని వారాలు ఇద్దరు ఆడవాళ్ళకు, రెండు రకాలుగా, నిద్ర లేకుండా చేసింది ఇది.

సాయంత్రానికి కారు మళ్ళీ కారైంది. కార్పెట్‌ను ఉతికి మా మేడ మీద ఆరేశాం. తియ్యటి వాసన పోవడానికి ఇంకొన్ని రోజులు పట్టింది.

చలి పోకముందే ఒక ఆదివారం పెద్దత్తమ్మ మాతో కంఠేశ్వర్‌కు వస్తానంది. ఆమె బోధన్ దాటి ఎన్నాళ్ళయిందో ఎవరికీ తెలియదు. అక్కాచెల్లెళ్ళిద్దరూ వెనక సీట్లో కూర్చున్నారు. ముందు నేనొక్కదాన్నే. బోధన్ మార్కెట్ దగ్గర పెద్దత్తమ్మ ఆపమంది. సరిహద్దు అవతల్నుంచి వచ్చి కూరగాయలు అమ్మే ఒక మరాఠీ ఆమె దగ్గర మెంతికూర బేరం చేసింది. తెలుగులో కాదు, మరాఠీలో. గడగడా, చేతులు తిప్పుతూ, మధ్యలో ఆమెను నవ్విస్తూ. అత్తమ్మ కిటికీలోంచి నోరు తెరుచుకుని చూసింది.

మెంతికూర కట్టలతో వచ్చి కూర్చున్న అక్కను అడిగింది, "నీకీ మాట ఎప్పుడొచ్చింది?"

"ఎప్పుడో వచ్చింది. నువ్వెన్నడన్న నాతోని అంగడికొచ్చినవా?"

ఎడపల్లి వచ్చేదాకా అత్తమ్మ ఆమెతో ఒక్కొక్క మాటా అడిగి చెప్పించుకుంటూ కూర్చుంది. నీళ్ళను ఏమంటరు, ఉప్పును ఏమంటరు, చెల్లెను ఏమంటరు. నేను అద్దంలో ఇద్దరినీ చూస్తూ నెమ్మదిగా నడిపాను.